చందమామను చూపించిన చెయ్యి

ఆత్మకూరులో మా బడికి వచ్చిన టెలిస్కోపు చాలాకాలం అట్టపెట్టెలోనే ఉండిపోయింది. బయటికి తీస్తే పాడవుతుందని, పాడైతే తాను జవాబు చెప్పాలని హెడ్మాస్టరుగారి భయం. తియ్యకపోతే దానికీ అట్టపెట్టెకూ తేడా ఏముందని నా వాదన. సైన్సు టీచర్ని నేను. స్టాఫ్ రూములో, వరండాలో, చివరికి ఆయన అన్నం తినేటప్పుడు కూడా వదల్లేదు. ఆయన చెయ్యి కడుక్కుంటూ, “తీసకపోండి మేడం. మీతో పడేకంటే అది పగిలినా మేలే” అన్నారు.

నా నోరు అలాంటిది. ఉదయగిరి బస్సుల్లో కండక్టర్లు నాకు మిగతా చిల్లర అడక్కముందే ఇచ్చేస్తారు. ఆ నోటితో చాలా వాదనలు గెలిచాను. ఇక్కడ రాస్తున్నది అలా గెలిచిన రెండు వాదనల గురించి. రెండూ ఓడిపోయి ఉంటే ఈపాటికి ఊళ్ళో తలెత్తుకుని తిరిగేదాన్ని.

మా ఊరు ఉదయగిరి దారిలో ఉంది. దుర్గం కొండ పడమటి వైపు అడ్డంగా ఉండడంతో మాకు సూర్యుడు కాస్త ముందుగానే దిగిపోతాడు. ఊరికీ పాలేనికీ మధ్య చిన్న బడి, బడి ముందు మైదానం. పాలెంలో వాళ్ళంతా తాతల కాలం నుంచి బాప్టిస్టులు. చర్చి గంట మా ఇంటికి వినపడుతుంది, మా గుడి మైకు వాళ్ళ ఇళ్ళకు వినపడుతుంది. అంతకు మించి రాకపోకలు తక్కువ. ఆ రెండిటికీ కలిపి ఉన్నది మైదానం ఒక్కటే. అది కూడా ఆ వేసవిలో పోయింది. క్రికెట్టు ఆడుతూ అవుటా కాదా అని మొదలైన గొడవ పిల్లల చేతుల్లోంచి పెద్దల చేతుల్లోకి వెళ్ళింది. అనకూడని మాటలు అన్నారు. ఆ తర్వాత అందరూ ఆడడం మానేశారు. పిచ్ మీద గడ్డి మొలిచింది.

అక్కడ టెలిస్కోపు పెట్టి అందరికీ చందమామను చూపిద్దామని నాకు తోచింది. ఆ మాట మొదట చెప్పింది నా స్నేహితురాలికి. ఆమెది పాలెం. చిన్నప్పటి నుంచి ఒకే బడి, ఇప్పుడు ఒకే బస్సు. ఆమె ఆత్మకూరు దగ్గర ఒక ప్రాథమిక బడిలో టీచరు. ముప్పై ఏళ్ళకు పైగా ఒకే సీటులో కూర్చుని పోట్లాడుకుంటూ ప్రయాణం చేస్తున్నాం.

“చందమామను చూపిస్తే కలిసిపోతారా మే?” అంది.

“గొట్టం ఒకటే. కన్ను పెట్టే చోటు ఒకటే. ఎంతోడైనా ఆడికొచ్చి వొంగాల్సిందే గదా. ఒకరి ఎనక ఒకరు వరసలో నిలబడితే మాటలు అయ్యే కలుస్తాయి.”

“వొంగతార్లే. మావోళ్ళ ఎనకాల వొంగమంటే వొంగతారా అని.”

“ఏ కాలంలో ఉండావు నువ్వు? మనూళ్ళో అట్టాంటివి ఇప్పుడు యాడుండాయి?”

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, “నీకు కనపడవులే” అంది.

ఆ మాట నన్ను గుచ్చింది. వింజమూరు మలుపు దగ్గర మొదలుపెట్టి ఊరు వచ్చేదాకా వాదించాను. ఆమె సరేనంది. కానీ తన అమ్మను మాత్రం తీసుకురానంది.

వాళ్ళమ్మను నేనే కాదు, ఊళ్ళో అందరూ అవ్వ అనే పిలుస్తారు. అవ్వకు ఒక కంటికి అంతకుముందే శుక్లం తీశారు. రెండో కంటికి తీయాలి. ముదిరిపోయిందని, ఇక ఆలస్యం చేయకూడదని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. ఆపరేషను చేసే ఆస్పత్రి వ్యాను పై వారం వస్తుంది, నెల్లూరుకు తీసుకువెళ్తుంది. సరిగ్గా అప్పుడే కండ్లకలక ఊరూరా తిరుగుతోంది. బస్సులో సగం మంది నల్లకళ్ళద్దాలతో కనిపించేవాళ్ళు.

“కన్ను కాస్త ఎర్రబడినా వ్యాను ఎక్కించుకోరంట. జనంలోకి తీసకరాబాకండని మరీ మరీ చెప్పినారు” అంది నా స్నేహితురాలు.

నేను ఊరుకుని ఉండాల్సింది. కానీ చర్చిలో ముందు వరస మనిషి అవ్వ. అవ్వ కదిలితే పాలెం కదులుతుంది, అవ్వ రాకపోతే పిల్లలు తప్ప ఎవరూ రారు. ఆ సంగతి నాకు తెలుసు. అందుకని సైన్సు తీశాను. కండ్లకలక చూపుతో అంటుకోదు, కంటిని తాకిన వస్తువుతో అంటుకుంటుంది అని బోర్డు మీద రాసినంత స్పష్టంగా చెప్పాను.

“టెలిస్కోపుకు కన్ను ఆనించే చోట రబ్బరు చుట్టు ఉంటాది. ఒకరు జూసినాక స్పిరిట్ దూదితో తుడస్తాను. మళ్ళా ఇంకొకరు, మళ్ళా తుడవడం. ఎవరికీ ఇయ్యను ఆ పని. నా చేత్తో నేనే తుడస్తా. పూచీ నాది.”

“నువ్వే తుడస్తావా?”

“నేనే.”

“ప్రతి ఒక్కరికీ?”

“ఎన్నిసార్లు జెప్పాలే నీకు?”

ఆమె బ్యాగు జిప్పు తీసి మళ్ళీ వేసింది. తర్వాత, “నువ్వు తుడస్తావంటే తీసకొస్తా. పాలెంలో కూడా ఆ మాటే జెప్తా” అంది. అది నేను గెలిచిన మొదటి వాదన.

సగం చందమామ ఉన్న రోజు చూసి సాయంత్రం పెట్టాం. సగం చందమామ అయితే పొద్దు గుంకకముందే నడినెత్తిన ఉంటుంది, చీకటి పడేదాకా పిల్లల్ని కూర్చోబెట్టనక్కర్లేదు. వెలుగూ నీడా కలిసేచోట గుంటలు బాగా కనిపిస్తాయి కూడా. గడ్డి కోయించి, టెలిస్కోపు నిలబెట్టి, పక్కన స్టూలు మీద స్పిరిట్ సీసా, దూది కట్ట పెట్టుకున్నాను. నడుముకు కొంగు చుట్టి, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్లా నిలబడ్డాను.

జనం వచ్చారు. నేననుకున్నదానికంటే ఎక్కువ వచ్చారు. మొదట రెండు వరసలు వాటంతట అవే కట్టుకున్నాయి, ఊరి వాళ్ళది ఒకటి, పాలెం వాళ్ళది ఒకటి. నేను కేకలు పెట్టి రెండిటినీ కలిపి ఒకటే చేశాను. మా పెదనాయన తన కుర్చీని ఒక మనిషి చేత మోయించుకుని వచ్చి నేరుగా టెలిస్కోపు పక్కన వేయించుకున్నాడు.

“పెదనాయనా, వరసలో రా.”

“నాకు మోకాళ్ళ నొప్పులమ్మాయ్.”

“చందమామ యాడికీ పోదు. కుర్చీతోనే రా. వరస కదిలినప్పుడల్లా కుర్చీ కదుపుకో.”

జనం నవ్వారు. ఆయన గొణుక్కుంటూ కుర్చీని పాలెం ఆడపిల్ల వెనక వేయించుకున్నాడు. ఆ పిల్ల సిగ్గుపడి పక్కకు తప్పుకోబోతే, “నిలబడు. నీ తర్వాతే ఆయన” అన్నాను. నా స్నేహితురాలు దూరం నుంచి చూస్తోంది. చూశావా అన్నట్టు ఆమెకేసి తల ఎగరేశాను. ఆ సాయంత్రం నా కళ్ళు వరస మీదే ఉన్నాయి. ఎవడు తోసుకొస్తాడా, ఎవరు ఎవరికి తగలకుండా జరుగుతారా, ఎవరేమంటారా అని కాపలా కాస్తున్నాను. ఒక్కరు నోరు జారినా ఉతికి ఆరేయడానికి సిద్ధంగా ఉన్నాను. ఎవరూ జారలేదు. వింతగా అందరూ చక్కగా ఉన్నారు. పాలెం కుర్రవాడొకడు మావాళ్ళ కుర్రవాడికి గుంటలెక్కడున్నాయో వేలితో చూపించి చెబుతున్నాడు. వేసవిలో కొట్టుకున్నది వాళ్ళిద్దరే.

పెదనాయన చూసి, “ఏంది, రాళ్ళ గుట్టేనా? ఈ మాత్రందానికి మన దుర్గం కొండ చాలదా?” అన్నాడు. “కొండ మీద నీకు కుర్చీ ఎవరు మోస్తారు పెదనాయనా” అన్నాను. మళ్ళీ నవ్వులు.

మా వదిన వంతు వచ్చింది. మా అన్న భార్య. నల్లకళ్ళద్దాలతో వచ్చింది.

“ఓహో, సినిమా యాక్టరు వచ్చింది, జరగండి జరగండి” అన్నాను.

“ఎగతాళి చేసింది చాల్లే. తగ్గిపోయింది. ఇంకా కాస్త ఎర్రగా ఉండాది, అంతే.”

“ఆ కంటితో మా అన్నను చూసి చూసి చందమామను కూడా తిట్టబాక.”

“మీ అన్నకంటే ఇదే నయం, గమ్మున ఉండాది” అంది వదిన, గొట్టంలోకి చూస్తూ. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆమె లేచి అద్దాలు పెట్టుకుని, నా వీపు మీద చరిచి వెళ్ళింది.

తర్వాత అవ్వ. నా స్నేహితురాలు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. చందమామ కదిలిపోతే గొట్టం సర్ది, అవ్వ భుజం మీద చెయ్యి వేసి వంచాను. ఒక కంటితో చూసింది. అది చాలక శుక్లం ఉన్న కన్ను కూడా ఆనించి చూసింది. చాలాసేపు చూసింది.

“ఇదేంది, అమ్మవారు పోసిన మొగం మాదిరి ఉండాది” అంది. “ఇంతకాలం దూరం నుంచి జూసి నున్నగా ఉంటాదనుకున్నా.”

అందరూ నవ్వారు, ఊరూ పాలెం కలిసి ఒకేసారి. ఇందుకోసమే కదా ఇదంతా చేశాననిపించింది. అవ్వ లేవగానే దూది తీసి, స్పిరిట్‌లో తడిపి, రబ్బరు చుట్టును శుభ్రంగా తుడిచాను. ఆరేదాకా ఊదాను.

అవ్వ వెనక నిలబడింది పాలెంలో బట్టలు కుట్టే ఆమె. చంకలో పిల్ల ఉంది. ఆమె వంగలేదు.

“టీచరమ్మా, ఒక మాట అడగతా. కోపం చేసుకోబాకండి.”

“అడుగు.”

“ఆయమ్మ జూసినాక తుడవలా. మా అవ్వ జూసినాక తుడస్తా ఉండారు. ఎందుకమ్మా?”

“ఎవరు జెప్పారు తుడవలేదని? ప్రతిసారీ తుడస్తానే ఉండా గదా.”

“లేదమ్మా. నేను చానా సేపటి నుంచి జూస్తా ఉండా. మావోళ్ళు జూసినప్పుడల్లా తుడస్తా ఉండారు. మీవోళ్ళు జూసినప్పుడు నవ్వతా ఉండారు.”

ఆమె గొంతు పెంచలేదు. నేను పెంచాను.

“చందమామను జూసేదానికి వచ్చినావా, నా చేతిని జూసేదానికి వచ్చినావా?”

ఊరి వాళ్ళు గొల్లున నవ్వారు. పెదనాయన కుర్చీలో చేతులు చరిచాడు. “మా అమ్మాయితో పెట్టుకోబాకమ్మే” అన్నాడెవరో. నాకు అలాంటి మాటలు వెతుక్కోనక్కర్లేదు, నోటి చివరే ఉంటాయి. ఆమె పిల్లను చంక మార్చుకుంది. అది నేను గెలిచిన రెండో వాదన.

నా స్నేహితురాలు మాత్రం నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినపడేట్టు అడిగింది. “మీ వదిన జూసినాక తుడిచినావా?”

“తుడిచినా.”

ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు. వదిన నా వీపు చరిచింది, నేను నవ్వుతూ గొట్టం సర్దాను. మధ్యలో సీసా మూత తీసిన జ్ఞాపకం లేదు. ఎంత తడుముకున్నా దొరకలేదు. అప్పుడే చెప్పి ఉంటే ఆమె అవ్వను బడి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి ముఖం కడిగించేది. చెప్పలేదు. చుట్టూ జనం ఉన్నారు, ఇప్పుడే నవ్వి ఉన్నారు. ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, వరసలో ఉన్న తమవాళ్ళకేసి తిరిగి, “తుడిచిందంట. అబద్ధం జెప్పే మనిషి కాదులే ఆమె” అంది.

కుట్టుపని ఆమె చూడకుండానే వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు చూశారు. అప్పటి నుంచి ఒక్కరిని కూడా వదలకుండా తుడిచాను. చేతులు స్పిరిట్‌తో తెల్లబడి, చర్మం ముడతలు పడేదాకా తుడిచాను. ఫొటోలు తీసుకున్నారు. ఊరి గ్రూపులో ఆ ఫొటోల కింద దండాల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వచ్చి పడ్డాయి. మర్నాడు మైదానంలో కుర్రవాళ్ళు స్టంపులు పాతారు. రెండు వైపుల వాళ్ళూ.

ఆ తర్వాత అవ్వ కళ్ళు ఎర్రబడ్డాయి. రెండూ.

వ్యాను రావాల్సిన రోజు బస్సులో నా స్నేహితురాలు లేదు. సాయంత్రం పాలేనికి వెళ్ళాను. అవ్వ వసారాలో మంచం మీద ఉంది, కళ్ళ మీద తడిబట్ట. వ్యాను ఆ పొద్దున్నే వచ్చి, అవ్వను చూసి, ఎక్కించుకోకుండా వెళ్ళిపోయిందట. మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియదన్నారట.

“ఎవురు? టీచరమ్మా? దగ్గరికి రాబాక, నీకు అంటుకుంటాది” అంది అవ్వ.

నాకు అంటుకోకూడదని ఆమె చెబుతోంది.

నేను క్షమాపణ చెప్పడానికే వెళ్ళాను. కానీ నా నోటికి ఆ పని అలవాటు లేదు. చెప్పడం మొదలుపెట్టగానే అది వివరణ అయిపోయింది. అవ్వ కళ్ళ సంగతి తెలిశాక రెండు రాత్రులు ఆలోచించి నాకొక సిద్ధాంతం తయారైంది. మావాళ్ళు ఒక్కొక్కరూ వచ్చినప్పుడు పెదనాయనా, వదినా, బావా, అత్తా అని వరసలు ఉన్నాయి. వరస ఉంటే ఎగతాళి ఉంటుంది, ఎగతాళిలో చెయ్యి ఆగిపోతుంది. పాలెం వాళ్ళతో నాకు వరసల్లేవు. ‘రామ్మా, చూడమ్మా, అయిందా’ తప్ప మాటల్లేవు. మాటలు లేనప్పుడు చెయ్యి గుర్తు పెట్టుకుని తన పని తాను చేసింది. ఇది కావాలని చేసింది కాదు, ఇదంతా అలవాటు చేసిన పని అని చెబుతున్నాను. బాగానే చెబుతున్నాననుకుంటున్నాను కూడా.

బియ్యం చెరుగుతున్న నా స్నేహితురాలు చేట పక్కన పెట్టింది.

“అయిందా?”

“అది కాదే—”

“నీ పాఠం నాకొద్దు మే. తుడిచినావా అని అడిగినా. తుడిచినా అన్నావు. ఆ మాట నేను నా నోటితో మావోళ్ళకు జెప్పినా. బట్టలు కుట్టే ఆయమ్మ మీద నువ్వు జోకు ఏసినాక గూడా జెప్పినా. ఇప్పుడు ఆయమ్మ నా మొగం జూసి ఏమనుకుంటాదో నీకు తెలుసా? టీచరు ఉద్యోగం జేసి వాళ్ళల్లో కలిసిపోయింది అనుకుంటాది. నీకు అలవాటు. నాకు?”

వాకిట్లోంచే వెనక్కి తిరిగాను. దారిలో కుట్టుపని ఆమె ఇల్లు. మిషను చప్పుడు వినపడుతోంది. లోపలికి వెళ్ళి నిలబడ్డాను. ఆమె మిషను ఆపింది, లేచి నిలబడబోయింది, వద్దన్నాను.

“నువ్వు జెప్పిందే నిజం. మా వదిన జూసినాక నేను తుడవలేదు. ముందు గూడా చాలాసార్లు తుడిచి ఉండను.”

“నాకు తెలుసు గదమ్మా” అంది. ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. దారం చివర నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించింది. “మీరు ఆ మాట జెప్పాల్సింది నాకు గాదు. ఆ పొద్దు నవ్వినోళ్ళకు.”

నవ్వినవాళ్ళంతా ఒకచోట దొరికే రోజు త్వరలోనే వచ్చింది. పంద్రాగస్టు జెండా వందనం, అదే బడి ముందు. ఊరూ పాలెం వచ్చాయి. మామూలుగా పాలెం పెద్దవాళ్ళు జెండాకు రారు, పిల్లల్నే పంపుతారు. ఈసారి వచ్చారు, టెలిస్కోపు పుణ్యమేనని అందరూ అన్నారు. ఊరిని కలిపినందుకు నాకు శాలువా కప్పుతామని ఊరి పెద్దలు ముందే చెప్పారు. వద్దన్నాను. వినలేదు. నాతో వాదించి వాళ్ళు గెలిచింది ఆ ఒక్కసారే. కప్పారు. మైకు చేతికి ఇచ్చారు.

చెప్పాను. వాదన లేకుండా, సిద్ధాంతం లేకుండా చెప్పాను. టెలిస్కోపు దగ్గర మావాళ్ళు, కన్ను ఎర్రగా ఉన్న మా వదిన కూడా, చూశాక తుడవలేదని, పాలెం వాళ్ళు చూశాక తుడిచానని. అది చూసి అడిగిన మనిషిని వెక్కిరించానని. తుడిచానని అబద్ధం చెప్పానని. అవ్వ ఆపరేషను ఆగిపోయింది నా వల్లేనని. నా గొంతు మైకులో నాకే వేరేగా వినపడింది. చెప్పి, తిట్ల కోసం నిలబడ్డాను. నిజానికి తిట్టాలనే కోరుకున్నాను. నన్నెవరైనా నలుగురిలో కడిగేస్తే ఇంటికెళ్ళి అన్నం తినగలననుకున్నాను.

ముందు వరసలో కుర్చీలోంచి పెదనాయన అన్నాడు. మైకు నా చేతిలోనే ఉంది, ఆయన మాట అందులోంచి మైదానమంతా వెళ్ళింది.

“ఈ మాత్రందానికి అంత బాధెందుకమ్మాయ్? మనోళ్ళు జూసినాక తుడవాలని ఎవురికన్నా తోస్తాదా?”

అవునవునన్నారు చుట్టూ. ఎంత మంచి మనసో చూడండి అన్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు, పిల్లలు అందుకున్నారు. మా వదిన వచ్చి నా భుజం చుట్టూ చెయ్యి వేసి, “నా కన్ను సంగతి మైకులో జెప్పాల్నా” అని చెవిలో గొణిగి, వెంటనే మెత్తబడి, “పోన్లే, మనలో మనకేంది” అంది. నన్ను ఓదార్చారు. ప్రేమగా ఓదార్చారు. నేను ఇంట్లో కూర్చుని రాత్రుళ్ళు తయారు చేసుకున్న సిద్ధాంతం మొత్తం పెదనాయన ఒక్క ముక్కలో, ఏ సిగ్గూ లేకుండా, నన్ను కాపాడడానికి చెప్పేశాడు. నా మాటా ఆయన మాటా ఒకటే. నేను డిగ్రీ భాషలో చెప్పాను, అంతే తేడా. ఆయన్ను ఎదిరించి ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. ఏ మాట ఎత్తుకున్నా నన్ను నేను వేరు చేసి చూపించుకోవడమే అవుతుంది. మైకు ఇచ్చేశాను.

పాలెం వాళ్ళు ఎడమ వైపు కూర్చున్నారు. వాళ్ళలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ లేచి వెళ్ళలేదు. కుట్టుపని ఆమె పిల్ల జడ సర్దుతోంది. నా స్నేహితురాలు జెండాకేసి చూస్తోంది. చాక్లెట్లు పంచేదాకా ఉండి, పిల్లల చేతుల్లో పెట్టించి, వాళ్ళతో పాటు వెళ్ళిపోయారు.

ఆ తర్వాత చాలా రోజులు ఆమె బస్సులో ముందు సీట్లలో కూర్చునేది. నేను వెనక మా పాత సీటులో ఒక్కదాన్నే. ఎందుకు విడివిడిగా కూర్చున్నారని కండక్టరు కూడా అడగడం మానేశాడు. ఒకరోజు ఆత్మకూరు వెళ్ళే బస్సు కిక్కిరిసి ఉంది. ముందు ఎక్కడా చోటు లేదు. వచ్చి నా పక్కన కూర్చుంది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. ఊరు దాటాక చెప్పింది.

“అమ్మకు ఆపరేషను అయింది. పోయిన బేస్తవారం.”

“నాకు తెలియదే. ఎట్టుండాది కన్ను?”

“బాగానే ఉండాది. ముదిరిపోయినందుకు చానా సేపు పట్టిందంట లోపల. చుక్కలు ఏస్తా ఉండాం.”

“చెప్పలేదేందే నాకు?”

“జెప్పాలనిపియ్యలా.”

బస్సు గుంటలో పడి లేచింది. ఎవరో చిన్నపిల్ల ఏడుస్తోంది.

“చూడ్డానికి రానా?” అన్నాను.

ఆమె టికెట్టును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

“అమ్మకేం కోపం లేదు. రమ్మనే అంటాది. పెద్దామె, మర్చిపోయింది గూడా. నాకుండాది కోపం. నాకింకా పోలా. పోయినప్పుడు జెప్తా, అప్పుడు రా.”

“సరే” అన్నాను.

నేను అంత తొందరగా సరే అనడం ఆమె ఇంతకుముందు విని ఉండదు. ఇంకేమైనా అంటానేమోనని నా వైపు తిరిగి కాసేపు చూసింది. నేనేమీ అనలేదు. ఆత్మకూరులో ఇద్దరం దిగి, ఎవరి బడి వైపు వాళ్ళం నడిచాం.